పార్సిల్ కట్టిన గ్రేవీ ఇంటికెళ్ళేసరికి ఎందుకు పాడవుతోంది? వైట్ సాస్, మంచూరియా, పనీర్ బటర్ మసాలా

ఏడురోడ్ల కర్రీపాయింట్:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో చిన్న కర్రీ పాయింట్ నడుపుతున్నాం, నేనూ మా ఆయనా, సాయానికి ఒకావిడ. పప్పు, వేపుడు, చేపల పులుసు, ఆదివారమైతే కోడికూర, వీటితో ఏ ఇబ్బందీ లేదు, మధ్యాహ్నం ఒంటిగంట దాటేసరికి గిన్నెలు ఖాళీ అయిపోతాయి. ఈమధ్య కాలేజీ పిల్లలు, ఉద్యోగాల మీద బయట ఊళ్ళ నుంచి వచ్చి గదులు తీసుకుని ఉంటున్నవాళ్ళు, సాయంత్రం పూట ఏదైనా కొత్తరకం పెట్టండక్కా అని ఒకటే అడుగుతున్నారు. సరే అని వైట్ సాస్ పాస్తా, వెజ్ మంచూరియా గ్రేవీ, పనీర్ బటర్ మసాలా మొదలుపెట్టాం.

కడాయిలో ఉన్నంతసేపూ మూడూ బ్రహ్మాండంగా ఉంటున్నాయి. గొడవంతా పార్సిల్ కట్టాకే. వైట్ సాస్ పాస్తా అరగంటకే గట్టి ముద్దయిపోతోంది, డబ్బా తిరగేసినా కిందకి రావడంలేదు. మంచూరియా దానికి పూర్తిగా ఉల్టా, చిక్కగా కట్టిచ్చిందల్లా ఇంటికెళ్ళి విప్పేసరికి పల్చబడిపోయి ఉండలు అడుగున, నీళ్ళు పైన. పనీర్ బటర్ మసాలాలో వెన్న అంతా విడిపోయి పైన పచ్చగా తేలుతోంది, కింద గ్రేవీ రవ్వరవ్వగా ఉంటోంది. ఒకటి గట్టిపడుతోంది, ఒకటి పల్చబడుతోంది, ఒకటి విరిగిపోతోంది. మూడింటికీ ఒకటే కారణమా, వేరువేరా అన్నదే నాకు అర్థం కావడంలేదు.

సరుకుల కొట్టు ఆయన రెడీమేడ్ గ్రేవీ పొడి వాడమంటున్నాడు. నాకది ఇష్టం లేదు. మా దగ్గర కూర కొనేవాళ్ళు ఇంట్లో వండినట్టు ఉంటుందనే వస్తారు, అక్కడ ప్యాకెట్ పొడి కలిపితే ఇంక మేం చేసేదేంటి? పొడి లేకుండా వీటిని ఎలా నిలబెట్టాలో చెప్పండి. ఇంకోటి, వేరే దేశాల గ్రేవీల్లో పార్సిల్‌కి తట్టుకునేవి, మన శ్రీకాకుళంలో దొరికే సరుకుతో చేయగలిగేవి ఏమైనా ఉన్నాయా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి, పెద్దగా ఉన్నా చదువుకుంటాను.


బొబ్బిలి ఓడవంట:

అమ్మా, వేరువేరు కారణాలే. మూడింటికీ చిక్కదనం మూడు దారుల్లో వస్తోంది, అందుకే మూడూ మూడు రకాలుగా చెడుతున్నాయి. నేను ప్యాసింజర్ ఓడల వంటగదుల్లో చాలాకాలం పనిచేసి ఇప్పుడు బొబ్బిలి వచ్చేశాను. ఓడలో మీ కష్టమే మా కష్టం కూడా, ఒకేసారి వండి గంటల తరబడి నిలబెట్టి వడ్డించాలి, అప్పటికప్పుడు చేసి పెట్టే వీలుండదు.

ముందు వైట్ సాస్ సంగతి. ఇది ఫ్రెంచివాళ్ళ బెషమెల్. వంట స్కూళ్ళలో ఫ్రెంచి మూల సాస్‌లు ఐదు అని నేర్పుతారు: బెషమెల్, వెలూటే, ఎస్పాన్యోల్, టమాటా సాస్, హాలండేజ్. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కరేమ్ అనే ఫ్రెంచి వంటాయన సాస్‌లన్నిటినీ నాలుగు మూలాల కింద విడగొట్టాడు, తరవాత 1903లో వంట పుస్తకం వేసిన ఎస్కోఫియే అనే ఇంకో వంటాయన ఆ జాబితాని సర్దాడు. ఈ ఐదింటిలో మొదటి మూడూ పిండి మీద నిలబడేవి. పిండి మీద నిలబడే సాస్‌కి ఉన్న గుణం ఏంటంటే చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. కడాయిలో మీ కంటికి సరిగ్గా ఉందంటే డబ్బాలో అది కచ్చితంగా ముద్దే.

అందుకని పార్సిల్‌కి చేసేది పొయ్యి మీద ఉండగా మరీ పల్చనైపోయిందేమో అనిపించాలి. లీటరు పాలకి 50 గ్రాముల వెన్న, 50 గ్రాముల మైదా, అంతకి మించొద్దు. వెన్న కరిగి నురుగు తగ్గాక మైదా వేసి సన్నసెగ మీద రెండు మూడు నిమిషాలు కలుపుతూ ఉండండి, తడి ఇసుకలా విడివిడిగా అయి పచ్చివాసన పోయి బిస్కెట్ వాసన మొదలవుతుంది, రంగు మాత్రం మారకూడదు. అప్పుడు పాలు ఒక్కసారిగా కుమ్మరించకుండా ముందు ఒక గరిటెడు పోసి పూర్తిగా కలిసిపోయాక ఇంకో గరిటెడు, ఆ తరవాత మిగిలినవి. ఉండకట్టేది ఎప్పుడంటే, పొడి పిండి వేడిపాలలో పడినప్పుడు పైపొర ఉడికిపోయి లోపలికి తడి వెళ్ళనివ్వదు. వెన్నలో ముందే కలిస్తే ప్రతి రేణువుకీ నెయ్యి అంటుకుని విడివిడిగా ఉంటాయి కాబట్టి ఆ బాధ లేదు. ఒక పొంగు వచ్చాక కూడా సన్నసెగ మీద పది పదిహేను నిమిషాలు ఉంచండి. చాలామంది చిక్కబడగానే దింపేస్తారు, అందుకే నాలిక మీద పిండి పిండిగా తగులుతుంది.

రెండో దొంగ పాస్తాయే. ఉడికిన పాస్తా డబ్బాలో కూర్చుని సాస్‌లో తడి అంతా పీల్చేస్తుంది. పాస్తా కాస్త పలుకుగా ఉండగానే వార్చి, కొంచెం నూనె పట్టించి ఒక డబ్బాలో, సాస్ ఇంకో డబ్బాలో ఇవ్వండి. రెండు డబ్బాల ఖర్చు ఎక్కువ అనుకుంటే సాస్ ఇంకా పల్చగా చేసి, వేడి చేసుకునేటప్పుడు రెండు చెంచాల పాలు పోసుకోమని మూత మీద రాసి పెట్టండి.

హాలండేజ్ జోలికి మాత్రం ఎవరు చెప్పినా వెళ్ళకండి. గుడ్డు పచ్చసొన, కరిగిన వెన్న కలిపి గిలకొట్టేది అది. వేడి కాస్త ఎక్కువైతే గుడ్డు ముక్కలు కడుతుంది, తక్కువైతే వెన్న గట్టిపడి విడిపోతుంది. గోరువెచ్చగా ఉంచితే గుడ్డుది కాబట్టి పాడయ్యే భయం ఒకటి. పార్సిల్ వ్యాపారానికి అసలు సరిపడని సాస్ ఏదన్నా ఉంటే అదే.


రాజాం రుచులు:

అక్కా, నా మాట ఏంటంటే పాస్తా తీసేయండి. శ్రీకాకుళంలో సాయంత్రం పాస్తా అడిగేవాళ్ళు ఎంతమంది ఉంటారు? నెల్లాళ్ళు సరదాగా కొంటారు, తరవాత మళ్ళీ బజ్జీల బండి దగ్గరికే పోతారు. దానికి పెట్టే పాలు, వెన్న, చీజ్ ఖర్చులో కోడికూర ఇంకో గిన్నె పెట్టుకోవచ్చు. మంచూరియా మాత్రం ఉంచండి, అది మన ఊళ్ళలో ఎప్పుడో పాతుకుపోయింది.


ఫుడ్‌టెక్ విజయనగరం:

మంచూరియా గురించి నేను చెప్తాను, ఫుడ్ టెక్నాలజీ చదువుతున్నాను, స్టార్చ్ మీద, అంటే పిండిపదార్థం మీద ప్రాక్టికల్స్ చేసే ఉన్నాం.

ముందొక మాట, ఇది చైనాలో పుట్టిన వంటకం కాదు, 1975 ప్రాంతంలో ముంబయిలో నెల్సన్ వాంగ్ అనే వంటాయన చేశాడని చెబుతారు. అయితే కార్న్‌ఫ్లోర్ నీళ్ళతో చిక్కబరిచే పద్ధతి మాత్రం చైనా వంటదే. అక్కడ కడాయిలోంచి నేరుగా పళ్ళెంలోకి వచ్చి, వచ్చిన వెంటనే తినేస్తారు కాబట్టి వాళ్ళకి ఈ బాధ తెలియదు.

కార్న్‌ఫ్లోర్ గ్రేవీ పల్చబడటానికి నాకు తెలిసి నాలుగైదు కారణాలుంటాయి. పెద్దది వినెగర్. పులుపు ఉన్నచోట స్టార్చ్‌ని ఎక్కువసేపు మరిగిస్తే దాని పొడవాటి గొలుసులు తెగిపోతాయి, ఇక మళ్ళీ చిక్కబడదు. మీరు వినెగర్ ముందే పోసి తరవాత కార్న్‌ఫ్లోర్ వేసి మరిగిస్తున్నారేమో చూడండి. వినెగర్ ఎప్పుడూ స్టవ్ ఆపాకే. రెండోది, చిక్కబడ్డాక కూడా పెద్దమంట మీద మరగనిస్తూ గరిటెతో తెగ తిప్పడం. ఉబ్బిన స్టార్చ్ రేణువులు పగిలిపోతాయి. చిక్కబడి బుడగలు వచ్చాక ఒక్క నిమిషం చాలు.

మూడోది చెప్తే నమ్మరు గానీ చాలాచోట్ల అసలు కారణం ఇదే అయ్యుంటుంది. రుచి చూసిన చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టడం. మన లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, ఉడికిన స్టార్చ్‌ని విడగొట్టడమే దాని పని. బాగా మరుగుతున్న గ్రేవీలో పడితే అది పనిచెయ్యదు, వేడికి చచ్చిపోతుంది. గోరువెచ్చగా ఉన్న గిన్నెలో పడిందంటే మాత్రం కొంచెం ఎంగిలి చాలు, చూస్తుండగానే పల్చబడుతుంది. ఇంట్లో పెరుగన్నానికో, పిల్లలు సగం తిని వదిలేసిన కస్టర్డ్‌కో నీరు పట్టడం చూసే ఉంటారు. ఎవరు రుచి చూసినా గిన్నెలోంచి వేరే చెంచాలో పోసుకుని చూడాలి, ఆ చెంచా మళ్ళీ లోపలికి వెళ్ళకూడదు. పార్సిల్ తీసుకెళ్ళినవాళ్ళు కూడా డబ్బాలోంచే తింటూ సగం రాత్రికి దాచుకుంటే అదే జరుగుతుంది, అది మీ తప్పు కాదు.

నాలుగోది ఆవిరి. సలసల కాగే గ్రేవీ పోసి వెంటనే మూత బిగిస్తే ఆవిరంతా మూతకి పట్టి నీళ్ళై మళ్ళీ అందులోనే కారుతుంది. ఇది కాక కార్న్‌ఫ్లోర్‌కి స్వతహాగా ఒక గుణం ఉంది, పూర్తిగా చల్లారి గంటలు గడిస్తే జిగురు బిగుసుకుని లోపలి నీళ్ళని బయటకి నెట్టేస్తుంది.

చేయాల్సింది ఇది. లీటరు గ్రేవీకి 40 గ్రాముల దాకా పిండి, అందులో మూడోవంతు సగ్గుబియ్యం పిండి కలపండి. సగ్గుబియ్యం కర్రపెండలం స్టార్చే కదా, అందులో చల్లారాక బిగుసుకునే గుణం తక్కువ, నీరు వదలడం కూడా తక్కువే. మిక్సీలో మెత్తగా పొడి కొట్టి జల్లెడ పట్టుకుంటే చాలు. మోతాదు మించితే మాత్రం తీగలు సాగుతుంది, చూసుకుని వెయ్యండి. క్యాబేజీ తురుముకి ఉప్పు రాసి పావుగంట ఉంచి గట్టిగా పిండేశాకే ఉండలు చుట్టండి, ఉండలు విడిగా, గ్రేవీ విడిగా కట్టండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. నిలబెట్టాలి అన్నారు కదా అని గోరువెచ్చగా వదిలేయొద్దు. కౌంటర్ మీద పెట్టిన గిన్నె 60 డిగ్రీలకి తగ్గకుండా వేడినీళ్ళ ట్రేలో ఉండాలి. పాలు, పిండి, అన్నం, వీటిలో అంతకంటే తక్కువ వేడిలో బ్యాక్టీరియా త్వరగా పెరుగుతుంది, మన ఎండల్లో ఇంకా త్వరగా.


ఏడురోడ్ల కర్రీపాయింట్:

తమ్ముడూ, వినెగర్ నిజంగా ముందే పోస్తున్నాం, సోయాసాస్‌తో పాటే. ఇవాళ్టి నుంచి మారుస్తాను. చెంచా సంగతి మా సహాయకురాలికి చదివి వినిపించాను. అన్నగారూ, 50 గ్రాముల లెక్క రాసుకున్నాను, మేం దానికి రెండింతలు వేస్తున్నాం. రాజాం వారూ, పాస్తా తీసెయ్యమన్నారు గానీ అడిగే పిల్లలు రోజూ వస్తున్నారు, ఇంకొన్నాళ్ళు చూస్తాను.

పనీర్ గ్రేవీ ఎవరైనా చెప్పండి. కూరల్లో నూనె పైకి తేలితేనే ఉడికినట్టు లెక్క కదా మనకి, మరి ఇందులో తేలితే ఎందుకు చెడినట్టు కనిపిస్తోంది?


పలాస జీడిపప్పు:

ఇది నా సబ్జెక్ట్, మాది కాశీబుగ్గ, ఇంట్లో అందరం జీడిపప్పు పనిలోనే ఉన్నాం.

నూనె తేలడంలో రెండు రకాలున్నాయి అక్కా. ఉల్లి, టమాటా, మసాలా ముద్ద వేగేటప్పుడు నీరంతా పోయి నూనె తేలాలి, అది పచ్చివాసన పోయిందనడానికి గుర్తు. అది మొదట్లో జరగాలి. ఆ తరవాత నీళ్ళు, క్రీమ్, వెన్న పడ్డాక మాత్రం అన్నీ ఒకదానిలో ఒకటి కలిసి ఉండాలి, అప్పుడు తేలిందంటే పట్టు విడిపోయినట్టు. ఆ పట్టు ఇచ్చేది జీడిపప్పే. మిగతా పప్పుల్లో, బాదంలో గానీ వాల్‌నట్‌లో గానీ స్టార్చ్ చాలా తక్కువ ఉంటుంది, జీడిపప్పులో చెప్పుకోదగ్గంత ఉంటుంది, అందుకే అది మెత్తగా రుబ్బితే వెన్ననీ నీళ్ళనీ కలిపి పట్టి ఉంచుతుంది, చల్లారినా మైదా అంత బిగుసుకోదు.

మీరు గుండు పప్పు, అంటే విరగని పప్పు కొని డబ్బులు తగలేయకండి. గ్రేవీకి నూక చాలు. గుండు, బద్ద, నూక, అన్నీ ఒకే చెట్టు పప్పు, ఒలిచేటప్పుడూ కోసేటప్పుడూ విరిగినవి నూకలోకి వెళ్తాయి, రుచిలో తేడా ఏమీ ఉండదు, ధరలో మాత్రం బాగా తేడా. కొనేముందు గుప్పెట్లో పోసుకుని కాసేపు మూసి ఉంచి వాసన చూడండి, పాత నూనె వాసన వస్తే వద్దనండి, ఎంత వేయించినా ఆ వాసన గ్రేవీలో తేలుతుంది. మరీ పొడి పొడిగా ఉన్నది కూడా వద్దు, అందులో పొట్టు కలిసి రంగు పాడవుతుంది.

నూకని కాగిన నీళ్ళలో అరగంట నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ వేళ్ళ మధ్య రాస్తే పలుకు తగలనంత మెత్తగా రుబ్బండి. మీ గ్రేవీ రవ్వరవ్వగా ఉండటానికి ఒక కారణం ఇక్కడే ఉండొచ్చు. ఇంకో కారణం పాలు. క్రీమ్ బదులు పాలు పోస్తే టమాటా పులుపుకి విరగడం ఖాయం. డబ్బా క్రీమ్ మీద చూడండి, కొవ్వు 25 శాతం అని ఉంటుంది చాలావాటి మీద, కొవ్వు ఎక్కువున్న కొద్దీ విరిగే భయం తక్కువ. టమాటా ముద్ద బాగా మగ్గాక జీడిముద్ద వేసి ఐదు నిమిషాలు ఉడికించి, మంట తగ్గించి క్రీమ్ వేసి, ఇక మరగనివ్వకండి. వెన్న సగం మొదట్లో, సగం దింపాక. కౌంటర్ మీద ఉండగా పైన వెన్న కనిపించడం మొదలైతే రెండు గరిటెల వేడినీళ్ళు పోసి విస్కర్‌తో గట్టిగా కొట్టండి, చాలావరకు మళ్ళీ కలిసిపోతుంది.


మూడులాంతర్ల పెద్దమ్మ:

చదువుతుంటే ముచ్చటేసింది తల్లీ. మాది విజయనగరం. మనవరాలు ఈ పేజీ చూపిస్తే రాస్తున్నాను, అదే టైపు చేసిపెడుతోంది.

నువ్వు దూరం వెళ్ళక్కర్లేదమ్మా, మన పులుసుల్లోనే ఇవన్నీ ఉన్నాయి. మజ్జిగ పులుసు ఎందుకు విరగదు? నానబెట్టిన పచ్చి శనగపప్పు, ధనియాలు, అల్లం, పచ్చిమిర్చి నూరి కలుపుతాం కాబట్టి. ఆ శనగపప్పు ముద్ద లేకుండా ఉత్త మజ్జిగ పొయ్యి మీద పెట్టి చూడు, పొంగు రాకముందే విరిగి ముక్కలవుతుంది. ముక్కల పులుసు దింపేముందు చెంచాడు బియ్యప్పిండి చల్లనీళ్ళలో కలిపి పోస్తాం, వేడినీళ్ళలో కలపం. పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు పెడతాం? దింపి, వేడి కాస్త తగ్గాక. పొయ్యి మీద ఉండగా పెడితే ఘాటు పోయి చేదెక్కుతుంది. ఇవన్నీ మా అత్తగారు చెప్పినవే, ఎందుకని అడిగితే అంతే అనేవారు.

మన వైపు పులుసులో బెల్లం పడాలి. బెల్లం పడ్డ పులుసు పొద్దున వండితే సాయంత్రానికి ఇంకా బాగుంటుంది. చేపల పులుసైతే మర్నాడే రుచి. ఆ కుర్రాళ్ళకి వంకాయ, ఆనపకాయ, చిలగడదుంప వేసిన బెల్లం పులుసు చిక్కగా చేసి ఒక రోజు పెట్టి చూడు. బయట ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి అదీ కొత్తరకమే కదా. నువ్వులు దోరగా వేయించి దంచిన పొడి దింపేముందు చల్లితే చిక్కదనం, కమ్మదనం రెండూ వస్తాయి.


బొబ్బిలి ఓడవంట:

పెద్దమ్మగారూ, మీరు చెప్పిన ఆవ మాట ఫ్రెంచి వంటగదిలో మొదటివారమే మాకు నేర్పారు. అక్కడా ఆవముద్దని సాస్ దింపాకే కలుపుతారు, మళ్ళీ మరగనివ్వరు. ఆవని తడిపి నూరినప్పుడు పుట్టే ఘాటు వేడికి నిలవదు. మజ్జిగ పులుసు సంగతీ అంతే, లెబనాన్‌లో పెరుగుతో మాంసం వండేటప్పుడు కార్న్‌ఫ్లోరో గుడ్డో కలిపి, పొంగు వచ్చేదాకా గరిటె ఆపకుండా తిప్పుతారు.

అమ్మా, మీ రెండో ప్రశ్నకి వస్తాను, నాకు దాని మీదే ఎక్కువ రాయాలని ఉంది. మైదా, కార్న్‌ఫ్లోర్ సాస్‌లని నిలబెట్టడానికి తిప్పలు పడేకంటే నిలవుండి రుచి పెరిగే గ్రేవీలు ఎంచుకోండి. పార్సిల్ వ్యాపారానికి అవే అన్నం పెడతాయి. అవి ఎక్కువగా గింజలు, పప్పులు నూరి చేసేవి, లేదా గంటల తరబడి ఇగిర్చేవి.

మొదట చేయాల్సింది పశ్చిమ ఆఫ్రికా వేరుశనగ గ్రేవీ. సెనెగల్, మాలి దేశాల్లో మాఫే అంటారు, గాంబియాలో దొమోదా. ఉల్లి, వెల్లుల్లి వేయించి, టమాటా ముద్ద మగ్గించి, వేయించి రుబ్బిన వేరుశనగ ముద్ద వేసి నీళ్ళు పోసి, కోడి ముక్కలో చిలగడదుంపో గుమ్మడికాయో వేసి సన్నసెగ మీద ఉడికించాలి. నూనె పైకి వచ్చేదాకా ఉంచాలి, ఇందులో నూనె తేలడమే గుర్తు. ఇక్కడి నాలికకి ఒక్కరోజులో అలవాటైపోతుంది, అన్నంలోకే తింటారు వాళ్ళు కూడా. ఖర్చు పనీర్ కంటే చాలా తక్కువ. రాత్రి దాకా ఉన్నా విరగదు, మరీ చిక్కబడితే వేడినీళ్ళు కలిపితే మామూలవుతుంది.

మెక్సికోలో ప్యూబ్లా ఊరి పేరు మీద మోలె పొబ్లానో అని ఉంది. చాక్లెట్ వేస్తారని అందరూ దాని గురించే చెబుతారు గానీ చాక్లెట్ చిన్న ముక్కే, అసలు పట్టంతా నాలుగు రకాల ఎండుమిర్చి, నువ్వులు, వేరుశనగ లేక బాదం, ఎండుద్రాక్ష, కాస్త రొట్టె. ప్రతిదీ విడివిడిగా వేయించి, నూరి, ఆ ముద్దని మళ్ళీ నూనెలో వేపి, కోడి ఉడికిన నీళ్ళతో జారు చేస్తారు. మనం మసాలా కూర చేసే వరసే అది. అక్కడి మిరపకాయలు ఇక్కడ దొరకవు, మన ఎండుమిర్చి కారం ఎక్కువ, అందుకని గింజలు తీసేసి, రంగుకి కశ్మీరీ మిర్చి కలుపుకోవాలి. అచ్చం అదే రుచి రాదు, కానీ మంచి గ్రేవీ వస్తుంది. పెద్దమ్మగారి నువ్వుల పొడి ఇక్కడ బాగా పనికొస్తుంది.

జార్జియా దేశంలో సత్సివి అని వాల్‌నట్ నూరి చేసే కోడి గ్రేవీ ఉంది, అది చల్లగానే తింటారు. ధనియాలు, మెంతుల జాతి గింజ ఒకటి, ఎండిన బంతిపూల రేకుల పొడి వేస్తారు. వాల్‌నట్ మనకి ధర ఎక్కువ కాబట్టి వ్యాపారానికి చెప్పను, జీడినూకతో అదే పద్ధతిలో ఒకసారి ఇంట్లో చేసుకుని చూడండి.

మీది ఉద్దానానికి దగ్గర, కొబ్బరి మీద ఇంకో దారి ఉంది. ఇండోనేసియాలో పశ్చిమ సుమత్రావాళ్ళ రెండాంగ్. కొబ్బరిపాలు, మసాలా ముద్ద, మాంసం కలిపి గంటల తరబడి ఇగరబెడతారు, పాలన్నీ ఇగిరి నూనె వదిలి ఆ నూనెలోనే మాంసం వేగుతుంది. తడి లేదు కాబట్టి విరగడానికీ పల్చబడటానికీ ఏమీ ఉండదు. మటన్‌తో చేయండి, ఆదివారానికి బాగుంటుంది. థాయ్ కూర చేస్తే మాత్రం మొదటి పాలు, రెండో పాలు విడిగా తీసుకోండి. మొదటి చిక్కటి పాలని కడాయిలో నూనె వదిలేదాకా కాచి అందులో మసాలా ముద్ద వేపి, తరవాత రెండో పాలు పొయ్యాలి. డబ్బా కొబ్బరిపాలు చాలావాటిలో విడిపోకుండా కలిపే పదార్థాలుంటాయి, అవి నూనె వదలవు, అందుకని తాజా కొబ్బరే వాడండి.

జపాన్ కూర కూడా పార్సిల్‌కి మంచిది. ఇంగ్లీషువాళ్ళ ద్వారా మెయిజీ చక్రవర్తి కాలంలో (1868–1912) అక్కడికి చేరిన కూరపొడిని వాళ్ళు వెన్న, మైదా వేయించిన ముద్దలో కలిపారు. మైదాని ఎర్రగా వేయించాలి, అప్పుడు దాని చిక్కబరిచే బలం తగ్గుతుంది కాబట్టి చల్లారాక కూడా తెల్ల సాస్ అంత బిగుసుకోదు. బంగాళదుంప, క్యారెట్, ఉల్లి, కోడి, కాస్త బెల్లం. రెండోరోజే రుచి అని అక్కడివాళ్ళూ అంటారు.


ఏడురోడ్ల కర్రీపాయింట్:

అన్నగారూ, మాఫే మొదలుపెడతాను. వేరుశనగ పడనివాళ్ళు ఉంటారేమో అని భయం, అదొక్కటే. పెద్దమ్మగారూ, బెల్లం పులుసు శుక్రవారం పెడతాను, చిలగడదుంప కూడా వేస్తాను. శాకాహారం తినేవాళ్ళకి సరే, చేపలతో ఏదైనా కొత్తగా చెప్తారా? మాకు చేపలు తాజాగా వస్తాయి, ఎండుచేపలకీ కొదవలేదు.


బొబ్బిలి ఓడవంట:

వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు, పాలు, ఇవి ఏ గ్రేవీలో ఉన్నాయో బోర్డు మీద పెద్దక్షరాలతో రాసేయండి, అడగకముందే చెప్పండి. పడనివాళ్ళకి అది ప్రాణం మీదకి వచ్చే సంగతి. రుబ్బే మిక్సీ జారు కూడా వేరు పెట్టుకోండి.

చేపల్లో వియత్నాంవాళ్ళ కా ఖో చూడండి. పంచదార ముదురు పాకం పట్టి, అందులో చేపసాస్, ఉల్లి, మిరియాలు వేసి, చేపముక్కలు పెట్టి మట్టికుండలో సన్నసెగ మీద ఇగరబెడతారు, కొన్నిచోట్ల కొబ్బరినీళ్ళు కూడా పోస్తారు. చేపసాస్ లేకపోతే సోయాసాస్, ఉప్పు. పిండి లేదు, పాలు లేవు, అందుకే డబ్బాలో ఎంతసేపున్నా అలాగే ఉంటుంది. పాకం మాత్రం ముదురు ఎర్రరంగు రాగానే నీళ్ళు పోసి ఆపాలి, నల్లబడితే చేదు.

ఎండు నెత్తళ్ళతో కొరియావాళ్ళు చారునీళ్ళు కాస్తారు. తల, పొట్ట తీసేసి వట్టి కడాయిలో నీచువాసన తగ్గేదాకా వేయించి, నీళ్ళు పోసి పది పదిహేను నిమిషాలు మరిగించి వడకడతారు. మీ చేపల పులుసులో మామూలు నీళ్ళ బదులు ఇవి పోసి చూడండి. జపాన్‌లో సముద్రపు నాచు, ఎండుచేప చెక్కుతో ఇలాంటివే కాస్తారు, ఆ నాచులో రుచికి కారణం గ్లూటమేట్ అని 1908లో ఇకెదా అనే శాస్త్రవేత్త తేల్చాడు. ఎండుచేపల్లో ఉప్పుంటుంది కాబట్టి పులుసులో ఉప్పు చివర్లోనే.


రాజాం రుచులు:

చింతపండు కూడా తక్కువేం కాదు, ఇంగ్లండులో 1837 నుంచి అమ్ముతున్న వూస్టర్ సాస్‌లో చింతపండు, పులియబెట్టిన చిన్నచేపలు రెండూ ఉంటాయి. అక్కా, మాఫే పెట్టిన రోజు చెప్పండి, నేను శ్రీకాకుళం వస్తూనే ఉంటాను, రెండు పార్సిళ్ళు నాకు.


పలాస జీడిపప్పు:

ఒక్కటి మర్చిపోయాను అక్కా. జీడిముద్ద రోజూ రుబ్బక్కర్లేదు గానీ పచ్చిముద్ద బయట ఉంచకండి, ఎండాకాలం రెండు మూడు గంటలకే పులుస్తుంది. రుబ్బిన వెంటనే చెంచాడు నూనెలో పచ్చివాసన పోయేదాకా వేపి, చల్లార్చి చిన్న చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి వాడుకోవచ్చు, డీప్ ఫ్రిజ్‌లో అయితే వారం. ఏ రోజుకి కావాల్సిన డబ్బా ఆ రోజే తీయండి, కరిగిన ముద్దని మళ్ళీ గడ్డకట్టించొద్దు. నూక కూడా ఒకేసారి బస్తా కొనకుండా పది పదిహేను రోజులకి సరిపడా తీసుకుని గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి.